సీరం పాలలా వస్తే ఏం చేయాలి: ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు

సోమవారం పొద్దున విజయవాడ సూర్యారావుపేటలో ఏ ల్యాబ్‌లో చూసినా, సెంట్రిఫ్యూజ్ (రక్తం ట్యూబుల్ని గిరగిరా తిప్పే మెషీన్) ఆగాక ఒకటో రెండో ట్యూబుల్లో సీరం, అంటే రక్తకణాల నుంచి విడిపోయిన ద్రవం, పాలలా కనిపిస్తుంది. ఆదివారం బిర్యానీ కావచ్చు, పెళ్లి భోజనం కావచ్చు, రాత్రి పొద్దుపోయేదాకా సాగిన మందు కావచ్చు, ఎప్పటినుంచో కంట్రోల్ తప్పిన షుగర్ కావచ్చు. కారణం ఏదైనా ట్యూబ్ మాత్రం ఒకేలా ఉంటుంది. డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) పూర్తిచేసి కొత్తగా చేరిన పిల్లలు దాన్ని చూడగానే రెండు పనుల్లో ఒకటి చేస్తారు. "మేడమ్, లైపీమిక్, రిజెక్ట్ చేసేస్తాను" అంటారు (లైపీమిక్ అంటే కొవ్వుతో మసకబారినది). లేదంటే ఎవరికీ చెప్పకుండా మెషీన్‌లో పెట్టేసి, వచ్చిన నంబర్‌ని రిపోర్టులోకి ఎక్కించేస్తారు. రెండోది చాలా ప్రమాదం. మొదటిది కూడా అన్నివేళలా సరైంది కాదు.

విజయవాడలో బయోకెమిస్ట్రీ బెంచ్ మీద పనిచేస్తూ, పక్కన నిలబడిన పిల్లలకు ఈ పని నేర్పుతూ వస్తున్నాను. మా దగ్గర చేసే పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను. దీనికి కోట్ల రూపాయల మెషీన్లు అక్కర్లేదు. చిన్న ల్యాబ్‌లో ఉండే సామానుతోనే చాలావరకు అవుతుంది. మొదటినుంచీ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: టెస్టుకు అడ్డం వచ్చే కొవ్వును తీయాలి, కానీ రక్తంలో కొవ్వు ఉందన్న సంగతిని రిపోర్టులోంచి తీసేయకూడదు. ఒక్కోసారి ఆ పేషెంట్ గురించి డాక్టర్‌కి తెలియాల్సిన అసలు విషయం ఆ కొవ్వే.

ముందు చూడండి, తర్వాత అడగండి

మంచి సీరం లేత పసుపు రంగులో, అవతల ఉన్నది కనిపించేలా ఉంటుంది. ట్యూబ్ వెనక అచ్చు కాగితం పెట్టి చూడండి. అక్షరాలు మసకగా కనిపిస్తే కొంచెం కొవ్వు ఉన్నట్టు, అసలు కనిపించకపోతే బాగా ఉన్నట్టు. ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) డెసిలీటరుకి సుమారు 300 మిల్లీగ్రాములు దాటితే సీరంలో ఈ మసక మొదలవుతుంది. 1000 దాటితే ట్యూబ్‌ని తిప్పకముందే రక్తం రంగు తేడాగా కనిపించవచ్చు. ఫుల్లీ ఆటో మెషీన్లలో లైపీమియా ఇండెక్స్ అని ఒక నంబర్ వస్తుంది. 660, 700 నానోమీటర్ల దగ్గర కాంతి ఎంత చెదురుతుందో చూసి మెషీన్ ఇచ్చే అంచనా అది. దాన్ని ట్రైగ్లిజరైడ్స్ విలువ అనుకోకండి. ఇద్దరు పేషెంట్లకు ట్రైగ్లిజరైడ్స్ ఒకే అంకె ఉన్నా, కొవ్వు రేణువుల సైజును బట్టి ఇండెక్స్ వేరుగా వస్తుంది.

తర్వాత పేషెంట్‌ని అడగాలి. "ఫాస్టింగేనా?" అని ఒక్క ముక్క అడిగితే అందరూ అవుననే అంటారు. అలా కాకుండా విడదీసి అడగండి.

"బాబాయ్ గారూ, పొద్దున ఏమైనా తిన్నారా?"

"లేదమ్మా, ఏమీ తినలేదు."

"కాఫీ తాగారా?"

"కాఫీ తాగానమ్మా. అది తినడం కాదుగా."

"రాత్రి ఎన్నింటికి భోంచేశారు?"

"పదకొండున్నర అయిందమ్మా. మనవరాలి ఓణీల ఫంక్షన్."

ఏడింటికి రక్తం ఇస్తే ఆయన ఫాస్టింగ్ ఏడున్నర గంటలే, అందులో మధ్యలో పాలు పోసిన కాఫీ. నెయ్యి, నూనె ఉన్న భోజనం తర్వాత రక్తంలో కొవ్వు మూడు, నాలుగు గంటలకు బాగా పెరుగుతుంది. మామూలు మనిషికి 12 గంటలు గడిస్తే చాలావరకు తగ్గిపోతుంది. తొందర లేని టెస్టులైతే ఆయన్ని మర్నాడు 12 గంటలు కడుపు ఖాళీగా ఉంచుకుని, మంచినీళ్లు మాత్రం తాగి రమ్మనడమే అన్నిటికన్నా మంచి పద్ధతి. కొవ్వు తీసే ఏ పద్ధతీ ఫాస్టింగ్ శాంపిల్‌కి సాటి రాదు.

కానీ ప్రతి ఒక్కరినీ అలా పంపలేం. నూజివీడు నుంచో గుడివాడ నుంచో మొదటి బస్సుకి వచ్చి, సాయంత్రం ఆపరేషన్ ఉన్న మనిషిని రేపు రమ్మని ఎలా అంటాం? కొందరికి ఎన్ని గంటలు పస్తున్నా సీరం తేరుకోదు. కంట్రోల్‌లో లేని షుగర్, థైరాయిడ్ తక్కువగా పనిచేయడం, నెఫ్రోటిక్ సిండ్రోమ్ (ఒక కిడ్నీ జబ్బు), మద్యం, స్టెరాయిడ్లు, వంశపారంపర్యంగా వచ్చే కొవ్వు జబ్బులు ఇందుకు కారణాలు. ఐసీయూ నుంచి శాంపిల్ వస్తే సిస్టర్‌కి ఫోన్ చేసి రెండు విషయాలు అడగండి: సెలైన్‌తో పాటు కొవ్వు ద్రావణం ఎక్కిస్తున్నారా, ప్రొపోఫాల్ నడుస్తోందా? ప్రొపోఫాల్ అంటే మత్తుమందు, సోయా నూనె కలిపిన తెల్లటి ఎమల్షన్. కొవ్వు ద్రావణం ఆపాక కనీసం 8 గంటలు ఆగి తీస్తే శాంపిల్ బాగుంటుంది. అయితే ఆపాలా వద్దా అన్నది డాక్టర్ నిర్ణయం, మనది కాదు.

కొవ్వు ఎక్కడెక్కడ అడ్డం పడుతుంది

ఇది అర్థమైతే ఏ టెస్టుకి ఏ పద్ధతి వాడాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

మొదటిది కాంతి. సీరంలో తేలే పెద్ద కొవ్వు రేణువులు, అంటే కైలోమైక్రాన్లు, వీఎల్‌డీఎల్, వచ్చిన కాంతిని చెదరగొడతాయి. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ ఈ చెదరడం ఎక్కువ. అందుకే 340 నానోమీటర్ల దగ్గర చదివే లివర్ టెస్టులు ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ ముందు దెబ్బతింటాయి. ఇవి కైనెటిక్ టెస్టులు. కాంతి ఎంత వేగంగా మారుతుందో చూస్తాయి కాబట్టి కొద్దిపాటి మసకను తట్టుకోవాలి. కానీ శాంపిల్ బాగా పాలలా ఉంటే మొదట్లోనే అబ్జార్బెన్స్ (ద్రవం కాంతిని ఎంత ఆపుతోందో చెప్పే కొలత) మెషీన్ చదవగలిగే హద్దు దాటిపోతుంది. అప్పుడు ఫ్లాగ్ వస్తుంది, లేదా సున్నా, మైనస్ అంకెలు వస్తాయి. అలాంటి అంకె వస్తే శాంపిల్‌ని ఒకసారి కళ్లతో చూడండి.

రెండోది చోటు. సీరంలో మామూలుగా 93 శాతం దాకా నీరు, మిగతాది ప్రోటీన్లు, కొవ్వు. కొవ్వు బాగా పెరిగితే నీటి వాటా తగ్గుతుంది. సోడియం ఉండేది నీటిలోనే. సోడియం గురించి కింద విడిగా రాశాను.

మూడోది చాలామంది పట్టించుకోరు. పాలలాంటి సీరంని కాసేపు కదపకుండా ఉంచితే కొవ్వు పైకి చేరుతుంది. మెషీన్ ప్రోబ్ పైనుంచి తీసుకుంటే ఒక రిజల్ట్, లోపలినుంచి తీసుకుంటే ఇంకో రిజల్ట్. ఒకే ట్యూబ్‌ని రెండుసార్లు పెడితే యూరియా రెండు రకాలుగా వచ్చిందంటే మెషీన్‌ని తప్పుపట్టే ముందు ఈ సంగతి ఆలోచించండి.

శాంపిల్‌ని ముందే రెండుగా విడదీయాలి

కొవ్వు తీయడం మొదలుపెట్టకముందే సీరంని మెల్లగా తలకిందులు చేసి కలిపి రెండు చిన్న ట్యూబుల్లోకి తీయండి. ఒకదానిమీద "ఒరిజినల్" అని రాసి పక్కన పెట్టండి. కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్స్, హెచ్‌డీఎల్, మొత్తం లిపిడ్ ప్రొఫైల్ దీంట్లోంచే చేయాలి. కొవ్వు తీసేసిన శాంపిల్‌లో కొవ్వు కొలిస్తే తక్కువే వస్తుంది. ఆ రిపోర్ట్ చూసిన డాక్టర్, పేషెంట్ బాగున్నాడని అనుకుంటాడు. కొవ్వులో కరిగే మందుల లెవెల్స్, విటమిన్ ఎ, ఇ లాంటివి కూడా ఒరిజినల్‌లోనే చేయాలి. ఎందుకంటే అవి కొవ్వుతో పాటే పైకి వెళ్లిపోతాయి. హార్మోన్ టెస్టులకు కిట్‌లో వచ్చే కాగితం చదవండి. ఎంత లైపీమియా దాకా పనిచేస్తుందో అందులో రాసి ఉంటుంది.

లిపిడ్ ప్రొఫైల్‌లో ఇంకో మాట. ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) నేరుగా కొలవకుండా ఫ్రీడ్‌వాల్డ్ లెక్కతో వేసే ల్యాబులు ఇంకా చాలా ఉన్నాయి. 1972లో వచ్చిన ఆ లెక్క ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే పనికిరాదు. సాఫ్ట్‌వేర్ దానంతట అది అంకె వేసేస్తుంది కాబట్టి మీరే చూసి తీసేయాలి. డైరెక్ట్ ఎల్‌డీఎల్ కిట్ ఉంటే అది చేయండి.

మరో జాగ్రత్త: కొవ్వు తీయాలని జెల్ ట్యూబ్‌నే మళ్లీ సెంట్రిఫ్యూజ్‌లో పెట్టొద్దు. జెల్ కింద కణాల దగ్గర మిగిలిన ద్రవం పైకి వచ్చి పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది.

స్పీడ్‌గా తిప్పడం

చిన్న ల్యాబులకు నేను చెప్పే ముఖ్యమైన పద్ధతి ఇదే. సీరం విడదీయడానికి వాడే మామూలు సెంట్రిఫ్యూజ్ దీనికి చాలదు. లెక్క వేసి చూడండి. సెంటీమీటర్లలో వ్యాసార్ధం, ఆర్‌పీఎంని ఆర్‌పీఎంతోనే గుణించినది, 0.00001118, ఈ మూడూ గుణిస్తే జీ-ఫోర్స్ (ట్యూబ్ మీద పడే బలం, భూమి ఆకర్షణకి ఎన్ని రెట్లో) వస్తుంది. 15 సెంటీమీటర్ల రోటర్ 3500 ఆర్‌పీఎంలో తిరిగితే 2050 జీ మాత్రమే. అదే మైక్రోసెంట్రిఫ్యూజ్‌లో 8 సెంటీమీటర్ల రోటర్ 12000 ఆర్‌పీఎంలో తిరిగితే దాదాపు 12900 జీ. ఎంత తేడా ఉందో చూశారుగా. అందుకే ఆర్‌పీఎం రాసుకుంటే చాలదు, మీ రోటర్‌కి జీ ఎంతో ఒకసారి లెక్కేసి మెషీన్ మీద అంటించుకోండి.

పెద్ద గైడ్‌లైన్లు చెప్పేది అల్ట్రాసెంట్రిఫ్యూజ్. లక్ష జీ, అంతకన్నా ఎక్కువ. కొవ్వు అడ్డం గురించి సీఎల్‌ఎస్‌ఐ (ల్యాబ్ ప్రమాణాలు రాసే సంస్థ) 2012లో తెచ్చిన సీ56 పత్రం కూడా దాన్నే చెబుతుంది. మెడికల్ కాలేజీల్లో, రీసెర్చ్ సెంటర్లలో తప్ప మనలాంటి ల్యాబులకు అది అందదు. 2011లో బయోకెమియా మెడికా పత్రికలో వచ్చిన ఒక పరిశీలనలో 10000 జీ దగ్గర 15 నిమిషాలు తిప్పడాన్ని అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌తో పోల్చి చూశారు. మామూలు బయోకెమిస్ట్రీ టెస్టులకు అది చాలని తేలింది. మనకు కావాల్సిన ధైర్యం అది.

చేసే విధానం ఇదీ. ఒకటిన్నర మిల్లీలీటర్ల మూత ట్యూబ్‌లో దాదాపు ఒక మిల్లీలీటర్ సీరం తీసుకోండి. నిండా పోయొద్దు, పైన కొవ్వు చేరడానికి చోటు ఉండాలి. ఎదురుగా అంతే బరువున్న ట్యూబ్ నీళ్లతో పెట్టండి. మూత కీలు ఎప్పుడూ బయటివైపుకే ఉండేలా పెట్టే అలవాటు చేసుకోండి. అప్పుడు కొవ్వు ఎప్పుడూ కీలుకి ఎదురు గోడ వైపే చేరుతుంది, ఏ ట్యూబ్‌కా ట్యూబ్ వెతుక్కునే పని ఉండదు. 10000 జీకి తగ్గకుండా 15 నిమిషాలు తిప్పండి.

ఆగాక ట్యూబ్‌ని కదపకుండా నిలువుగా తీయండి. పైన కాచిన పాల మీద మీగడ కట్టినట్టు తెల్లటి పొర ఉంటుంది, కింద తేటగా ఉంటుంది. ఇక్కడే అందరూ తొందరపడతారు. పొర మెత్తగా ఉంటే ట్యూబ్‌ని పది నిమిషాలు ఫ్రిజ్‌లో నిలబెట్టండి, కాస్త గట్టిపడుతుంది. తర్వాత పైపెట్‌కి సన్నటి టిప్ తగిలించి, ప్లంజర్ కొద్దిగా నొక్కి పట్టుకునే, కీలు ఉన్న గోడ వెంబడి టిప్‌ని లోపలికి దించండి. పొర దాటాక ఇంకాస్త నొక్కి ఒక చిన్న గాలి బుడగ వదలండి. టిప్ కొనలో ఇరుక్కున్న కొవ్వు బయటికి పోతుంది. అప్పుడు నిదానంగా, చాలా నిదానంగా, వేలు వదులుతూ తేట ద్రవం పీల్చండి. అడుగున ఏమైనా మడ్డి కనిపిస్తే దాని జోలికి పోవద్దు. బయటికి తీసేటప్పుడు టిప్ బయటివైపు టిష్యూతో తుడవండి, లేకపోతే అంటుకున్న కొవ్వంతా కొత్త ట్యూబ్‌లోకి దిగుతుంది. కొత్త ట్యూబ్ మీద పేషెంట్ నంబర్, "కొవ్వు తీసినది" అని రాయండి. కొంతమంది సూదితో ట్యూబ్ అడుగున పొడిచి ద్రవం తీస్తారు. నేను మా పిల్లల్ని అలా చేయనివ్వను. వేలికి గుచ్చుకుంటే ఆ పేషెంట్‌కి ఏముందో మనకు తెలియదు.

తేట ద్రవం ఇంకా మసకగానే ఉంటే దాన్ని మరోసారి తిప్పండి. రెండోసారి కూడా పొర కట్టకుండా మొత్తం మబ్బుగానే ఉండిపోతే అందులో ఉన్నది ఎక్కువగా వీఎల్‌డీఎల్. కైలోమైక్రాన్లు పెద్దవి, తేలిక, ఈ స్పీడ్‌కి పైకి వచ్చేస్తాయి. వీఎల్‌డీఎల్ చిన్నవి, అంత తేలిగ్గా రావు. అలాంటి శాంపిల్‌కి కింద చెప్పే డైల్యూషన్ చూడండి.

ఎంత కొవ్వు పోయిందో తెలుసుకోవాలంటే తేట ద్రవంలో ఒకసారి ట్రైగ్లిజరైడ్స్ చేసి ఒరిజినల్‌తో పోల్చి రిజిస్టర్‌లో రాసుకోండి. అది మన లెక్క కోసమే, రిపోర్టులో వేయకూడదు. ఇంకో విషయం, కొవ్వు పోయాక కింద ద్రవం ఎర్రగా కనిపించవచ్చు. కొవ్వు ఎక్కువున్న రక్తంలో ఎర్రకణాలు తేలిగ్గా పగులుతాయి. ఆ హీమోలిసిస్ అప్పటిదాకా తెల్లదనం వెనక దాగి ఉంటుంది. అలా కనిపిస్తే పొటాషియం, ఎల్‌డీహెచ్, ఎస్‌జీఓటీ నమ్మకండి, కొత్త శాంపిల్ అడగండి.

ఈ తేట ద్రవంలో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, బిలిరుబిన్, యూరియా, క్రియాటినిన్, కాల్షియం, ఫాస్ఫరస్, ప్రోటీన్, ఆల్బుమిన్ చేసుకోవచ్చు. అయినా మీ ల్యాబ్‌లో మీరు ఒకసారి సరిచూసుకోవాలి. తేటగా ఉన్న మామూలు సీరంలు కొన్ని తీసుకుని, తిప్పకముందు ఒకసారి, తిప్పాక ఒకసారి ఈ టెస్టులన్నీ చేసి పక్కపక్కన రాయండి. తేడా మీ క్యూసీ (నాణ్యత పరీక్ష) హద్దుల్లో ఉంటే సరే. ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) వాళ్లు వచ్చినప్పుడు ఆ కాగితం అడుగుతారు కూడా.

డైల్యూషన్, సీరం బ్లాంక్

మైక్రోసెంట్రిఫ్యూజ్ లేని చోట సెలైన్‌తో పలచన చేయడమే దారి. 100 మైక్రోలీటర్ల సీరంకి 200 సెలైన్ కలిపితే మూడు రెట్లు, 500 కలిపితే ఆరు రెట్లు. రెండు డైల్యూషన్లూ చేయండి, ఒక్కటి చాలదు. ఎస్‌జీపీటీ మూడు రెట్లలో లెక్కకట్టాక 168, ఆరు రెట్లలో 171 వస్తే అడ్డం పోయిందని అర్థం. 168, 120 అని వస్తే ఇంకా కొవ్వు ఆట ఆడుతోందని అర్థం. విలువ ఎక్కువగా ఉన్న టెస్టులకే ఇది పనికొస్తుంది. క్రియాటినిన్ 0.8 ఉన్న శాంపిల్‌ని ఐదు రెట్లు పలచన చేస్తే మెషీన్ ముందుకు వచ్చేది 0.16. దాన్ని మెషీన్ నమ్మకంగా చదవలేదు. చదివిన అంకెలో ఉన్న చిన్న తప్పు ఐదు రెట్లవుతుంది.

సెమీ ఆటో మెషీన్ మీద షుగర్ చేసేవాళ్లకు సీరం బ్లాంక్ మంచి ఉపాయం. షుగర్ కిట్‌లో 10 మైక్రోలీటర్ల శాంపిల్, 1 మిల్లీలీటర్ రీఏజెంట్ వేస్తాం కదా. పక్కన ఇంకో ట్యూబ్‌లో అదే 10 మైక్రోలీటర్లు, రీఏజెంట్ బదులు 1 మిల్లీలీటర్ సెలైన్ వేసి అదే 505 నానోమీటర్ల దగ్గర చదవండి. టెస్ట్ 0.520, బ్లాంక్ 0.110 అనుకుందాం. తీసేస్తే 0.410. స్టాండర్డ్ 100కి 0.330 ఉంటే, బ్లాంక్ తీయకుండా షుగర్ 158, తీస్తే 124. ఒక్కసారి ఆలోచించండి, ఫాస్టింగ్ 158 అంటే ఆ మనిషికి మందు పెంచేస్తారు. అయితే కొన్ని కిట్ల రీఏజెంట్‌లో కొవ్వుని కొంత కరిగించే పదార్థాలు ఉంటాయి. అప్పుడు సెలైన్ బ్లాంక్ కాస్త ఎక్కువ తీసేస్తుంది. తిప్పి తేటచేసిన శాంపిల్‌తో కూడా చేసి, రెండూ దగ్గరగా ఉన్నాయో లేదో చూసుకుంటే అనుమానం ఉండదు. ఈ బ్లాంక్ ఎండ్ పాయింట్ టెస్టులకే (రంగు పూర్తిగా వచ్చాక ఒక్కసారి చదివేవి), కైనెటిక్ టెస్టులకు కాదు.

కొవ్వుని పట్టి కిందికి దించే లైపోక్లియర్ లాంటి ద్రావణాలు దొరుకుతాయి. కలిపి తిప్పితే కొవ్వు అడుగుకి పోతుంది. నేను వాటిని చివరి మార్గంగానే చూస్తాను. కొవ్వుతో పాటు కొన్ని ప్రోటీన్లు కూడా పోతాయి, శాంపిల్ కూడా పలచనవుతుంది. తయారీదారు కాగితంలో పేరు పెట్టి రాసిన టెస్టులకు తప్ప వాడకండి.

సోడియం తక్కువ వస్తే కంగారుపడకముందు

నీటి వాటా అన్నాను కదా, అది ఇక్కడ లెక్కకి వస్తుంది. నీటి భాగంలో సోడియం లీటరుకి 150 మిల్లీమోల్స్ ఉందనుకోండి. నీరు 93 శాతం ఉంటే మొత్తం సీరంలో 140 దగ్గర కనిపిస్తుంది. కొవ్వు వల్ల నీరు 88 శాతానికి పడిపోతే అదే మనిషికి 132 కనిపిస్తుంది. ఆ మనిషి ఒంట్లో సోడియం ఏమీ తగ్గలేదు. పెద్ద మెషీన్లలో ఉండే ఇన్‌డైరెక్ట్ ఐఎస్‌ఈ (సోడియం లాంటివి కొలిచే ఎలక్ట్రోడ్ పద్ధతి), శాంపిల్‌ని ముందే పలచన చేసి చదువుతుంది కాబట్టి ఇలా మోసపోతుంది. పలచన చేయకుండా చదివే డైరెక్ట్ ఐఎస్‌ఈకి ఈ ఇబ్బంది లేదు. బ్లడ్ గ్యాస్ మెషీన్లు, చిన్న ల్యాబుల్లో బల్ల మీద పెట్టుకునే ఎలక్ట్రోలైట్ మెషీన్లు చాలావరకు డైరెక్టే. మీది ఏదో మాన్యువల్‌లో చూసి తెలుసుకోండి.

ఒకసారి ఆటోనగర్‌లో పనిచేసే మెకానిక్ ఒకతన్ని రాత్రిపూట కడుపునొప్పితో తీసుకొచ్చారు. ఒకచోట పెద్ద మెషీన్ మీద సోడియం 131 వచ్చింది, సెలైన్ మార్చాలా అని డ్యూటీ డాక్టర్ టెన్షన్ పడుతున్నారు. అదే రక్తం మా చిన్న ఎలక్ట్రోలైట్ మెషీన్ మీద 139. ట్యూబ్‌ని ఫోటో తీసి డాక్టర్‌కి వాట్సాప్‌లో పంపాం. తెల్లగా ఉన్న సీరం చూడగానే ఆయనకి అంతా అర్థమైంది. అలాంటి పేషెంట్‌కి చేయాల్సింది ట్రైగ్లిజరైడ్స్, లైపేజ్ (లైపేజ్, అమైలేజ్ రెండూ పాంక్రియాస్ వాపుని పట్టిచ్చే ఎంజైములు). ట్రైగ్లిజరైడ్స్ 1000 దాటితే పాంక్రియాస్ వాపు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. అమైలేజ్ ఒక్కదాన్నే చూసి నార్మల్ అనుకోవద్దు. ఇంత కొవ్వులో అమైలేజ్ తప్పుగా మామూలుగా కనిపించవచ్చు, డైల్యూషన్ చేస్తే పెరుగుతుంది.

సీబీసీలో హీమోగ్లోబిన్

సీబీసీ (రక్తకణాల లెక్క) కోసం గడ్డకట్టకుండా తీసే ఈడీటీఏ ట్యూబ్‌లోనూ కొవ్వు తన పని చేస్తుంది. హీమోగ్లోబిన్‌ని కౌంటర్ (కణాలు లెక్కపెట్టే మెషీన్) కాంతితో కొలుస్తుంది, కాబట్టి ప్లాస్మా తెల్లగా ఉంటే అంకె పెరుగుతుంది. పట్టుకోవడం తేలిక. ఎంసీహెచ్‌సీ (ఎర్రకణాల్లో హీమోగ్లోబిన్ గాఢత) 37 దాటిందా, హీమోగ్లోబిన్‌ని మూడుతో గుణిస్తే హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) దగ్గరికి రావట్లేదా, ప్లాస్మా చూడండి. ఎంసీహెచ్‌సీ నిజంగా అంత పెరిగే జబ్బులు చాలా తక్కువ.

సరిచేయడానికి రెండు దారులున్నాయి. మొదటిది లెక్క. హీమోగ్లోబిన్ 14.6, హెమటోక్రిట్ 36 వచ్చిందనుకుందాం. ఎంసీహెచ్‌సీ 40.6, నమ్మదగింది కాదు. కొంచెం రక్తం వేరే ట్యూబ్‌లోకి తీసి తిప్పి, పైన ప్లాస్మాని కౌంటర్‌లో పెట్టండి. ప్లాస్మాకి 3.6 హీమోగ్లోబిన్ చూపించింది అనుకోండి. రక్తంలో ప్లాస్మా వాటా 0.64 కదా, 3.6ని 0.64తో గుణిస్తే 2.3. 14.6లో అది తీసేస్తే 12.3. ఇప్పుడు ఎంసీహెచ్‌సీ 34.2, సరిగ్గా కూర్చుంది.

రెండోది ప్లాస్మా మార్చడం. కొలిచిన రక్తాన్ని తిప్పి, తెల్లటి ప్లాస్మాని తెల్లకణాల పొర కదలకుండా పైపెట్‌తో తీసి, ఎంత తీశామో సరిగ్గా అంతే సెలైన్ లేదా కౌంటర్ డైల్యూయెంట్ పోయాలి. మెల్లగా పది పన్నెండుసార్లు తలకిందులు చేసి మళ్లీ పెట్టాలి. ఆర్‌బీసీ కౌంట్ మొదటిదానికి దగ్గరగా రావాలి. రాకపోతే తీసిందీ పోసిందీ సరిపోలేదు, మళ్లీ చేయండి. ఈ రన్ నుంచి హీమోగ్లోబిన్, ఎంసీహెచ్, ఎంసీహెచ్‌సీ మాత్రమే తీసుకోండి. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మొదటి రన్‌వే, ఎందుకంటే ప్లాస్మాతో పాటు ప్లేట్‌లెట్లు కొన్ని పోతాయి. అయితే కొవ్వు బిందువులనే ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టే కౌంటర్లు కూడా ఉంటాయి, కాబట్టి స్మియర్ (గాజు పలక మీద రక్తం పలచటి పొర) వేసి మైక్రోస్కోప్ కింద ఒకసారి చూసుకోండి. డెంగీ సీజన్‌లో ప్లేట్‌లెట్ అంకె మీదే అడ్మిషన్ ఆధారపడుతుంది, ఆ అంకెని గుడ్డిగా నమ్మి పంపలేం.

రక్తం గడ్డకట్టే సమయం చూసే పీటీ, ఏపీటీటీల సంగతి చిన్నది. గడ్డని కాంతితో చూసే మెషీన్ అయితే తెల్లటి ప్లాస్మాలో గడ్డ కనబడదు. బంతి కదలికతో చూసే మెకానికల్ మెషీన్ ఉన్నచోటికి పంపండి, లేదా ప్లాస్మాని పైన చెప్పినట్టే స్పీడ్‌గా తిప్పి చేయండి. క్లియరింగ్ ద్రావణాలు మాత్రం వీటికి వద్దు.

రిపోర్టులో ఏం రాయాలి

మెడికల్ ల్యాబుల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 15189 ప్రకారం శాంపిల్ బాగాలేకపోవడం రిజల్ట్‌పై ప్రభావం చూపేలా ఉంటే రిపోర్టులో చెప్పాలి. రూల్ సంగతి అలా ఉంచినా, ఆ పేషెంట్‌కి మనం చేయాల్సిన న్యాయం అది. మేం రిమార్క్స్‌లో ఇలా రాస్తాం: "శాంపిల్ బాగా లైపీమిక్‌గా ఉంది. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, బిలిరుబిన్, క్రియాటినిన్ హైస్పీడ్ సెంట్రిఫ్యూగేషన్‌తో కొవ్వు తీసిన తర్వాత చేయబడ్డాయి. లిపిడ్ ప్రొఫైల్ ఒరిజినల్ శాంపిల్‌లో చేయబడింది. 12 గంటల ఫాస్టింగ్ శాంపిల్‌తో రిపీట్ మంచిది." ఏ టెస్ట్ ఏ శాంపిల్‌లో చేశామో పేరు పెట్టి రాస్తే, రేపు ఇంకో ల్యాబ్‌లో వేరే అంకె వచ్చినా డాక్టర్‌కి దారి దొరుకుతుంది. ట్రైగ్లిజరైడ్స్ 1000 దాటితే రిపోర్ట్ ప్రింట్ అయ్యేదాకా ఆగకండి, ఫోన్ చేసి చెప్పండి, ఎవరితో ఎన్నింటికి మాట్లాడారో రిజిస్టర్‌లో రాయండి.

ఒరిజినల్ ట్యూబ్‌ని మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో నిలబెట్టి పొద్దున చూడండి. కణాల నుంచి వేరు చేసిన సీరంనే ఇలా పెట్టాలి, రక్తం ఉన్న ట్యూబ్‌ని కాదు. పైన తెల్లటి పొర, కింద తేట ఉంటే కైలోమైక్రాన్లు. పొర లేకుండా మొత్తం మబ్బుగా ఉంటే వీఎల్‌డీఎల్. పైన పొరా, కింద మబ్బూ రెండూ ఉంటే కైలోమైక్రాన్లు, వీఎల్‌డీఎల్ రెండూ ఎక్కువ. ఖర్చు లేని ఈ పరీక్ష ఫలితం డాక్టర్‌కి చెబితే, ఇది నిన్నటి భోజనమా లోపలి జబ్బా అని ఆలోచించడానికి ఆయనకి ఆధారం ఉంటుంది.

ఇక మెషీన్. అంత కొవ్వున్న శాంపిల్ పోయాక ప్రోబ్‌కి, క్యూవెట్‌కి కొవ్వు అంటుకుంటుంది. ప్రోబ్ క్లీనర్‌తో ఒక వాష్, తర్వాత వాటర్ బ్లాంక్, తర్వాత ఒక లెవెల్ క్యూసీ. క్యూసీ హద్దుల్లోకి వచ్చాకే తర్వాతి పేషెంట్ శాంపిల్ పెట్టండి.